టోల్ ఫ్రీ నిజంగా ఫ్రీయేనా? మా అమ్మమ్మ అడిగిన రెండు డౌట్లు

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియమే. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడైనా తప్పితే ఈసారికి ఊరుకోండి. విషయం మాత్రం చివరిదాకా చదవండి. ఎందుకంటే ఇది మీ ఇంట్లో వాళ్ల ఫోన్ గురించి కూడా.

మా అమ్మమ్మ, తాతయ్య ప్రకాశం జిల్లాలో ఒక చిన్న ఊళ్లో ఉంటారు. ఇద్దరికీ కలిపి ఒకటే కీప్యాడ్ ఫోన్. దానికి రీఛార్జ్ చేసే డ్యూటీ నాది. 28 రోజులకొకసారి హాస్టల్లో కూర్చుని రెండు నిమిషాల్లో చేసేస్తాను. పోయిన సెమిస్టర్ సెకండ్ మిడ్స్ గొడవలో పడి మర్చిపోయాను. శనివారం ప్యాక్ అయిపోయింది. మంగళవారం రాత్రి పదకొండు దాటాక తాతయ్యకి గుండెల్లో నొప్పి, ఒళ్లంతా చెమటలు.

అమ్మమ్మ ముందు అమ్మకి ఫోన్ చేసింది. రికార్డింగ్ వచ్చింది. మీ ప్యాక్ అయిపోయింది, రీఛార్జ్ చేసుకోండి అని. నాకు చేసింది. మళ్లీ అదే. ఇక ఫోన్ మంచం మీద పడేసి, చీకట్లో నాలుగిళ్లవతలకి పరిగెత్తి, తలుపులు కొట్టి లేపితే ఆ ఇంటి మామయ్య 108కి ఫోన్ చేశాడు. బండి వచ్చింది. ఒంగోలు తీసుకెళ్లారు, స్టెంట్ వేశారు. తాతయ్య ఇప్పుడు బాగానే ఉన్నారు, మజ్జిగలో ఉప్పు తగ్గించారని రోజూ గొడవ కూడా పెట్టుకుంటున్నారు.

తర్వాత నేను అడిగాను. "అమ్మమ్మా, ఫోన్ చేతిలోనే ఉందిగా, నువ్వే 108 కొట్టలేదేం?"

"డబ్బుల్లేవు గదా నాన్నా ఫోన్లో. నీకే పోని ఫోన్ వాళ్లకెట్టా పోద్ది?"

"అది ఫ్రీ నంబర్ అమ్మమ్మా."

"ఫ్రీ అంటే? ఎవురో ఒకరు కట్టాలి గదా. ఊరికే ఎవురు మాట్లాడనిస్తారు?"

నేను నోరు తెరిచాను కానీ సమాధానం రాలేదు. సీఎస్ఈ సెకండియర్, కంప్యూటర్ నెట్‌వర్క్స్‌లో ఏ గ్రేడ్. అయినా ఆవిడ అడిగిన రెండు డౌట్లలో ఒక్కదానికీ జవాబు తెలీదు. ఒకటి, టోల్ ఫ్రీ కాల్‌కి డబ్బులు ఎవరు కడతారు? రెండు, పైసా లేని ఫోన్ నుంచి ఆ కాల్ పోతుందా? తర్వాత కూర్చుని తెలుసుకున్నాను. అదే ఈ వ్యాసం.

మొదటి డౌట్: ఎవరు కడతారు?

టోల్ అంటే సుంకం. హైవే మీద టోల్ గేట్ ఉంటుంది కదా, అదే టోల్. పాత రోజుల్లో అమెరికాలో దూరప్రాంతపు ఫోన్ కాల్‌ని టోల్ కాల్ అనేవాళ్లు. మన నాన్నల కాలంలో ఎస్టీడీ కాల్ లాగా అన్నమాట. 1967లో ఏటీ అండ్ టీ కంపెనీ 800 నంబర్లు మొదలుపెట్టింది. కస్టమర్ ఫోన్ చేస్తే బిల్లు కస్టమర్‌కి కాకుండా ఫోన్ అందుకున్న కంపెనీకి పడుతుంది. అంటే అమ్మమ్మ అన్నది కరెక్టే. ఫ్రీ కాల్ అనేది అసలు లేదు. ప్రతి కాల్‌కీ ఎవరో ఒకరు కడతారు. టోల్ ఫ్రీలో ఆ కట్టేవాళ్లు మనం కాదు, అంతే తేడా.

మన దేశంలో ఆ పని చేసేవి 1800తో మొదలయ్యే నంబర్లు. ఇవి సాధారణంగా 11 అంకెలుంటాయి, కొన్ని ఇంకా చిన్నవి. ఇక్కడ మన బ్రాంచ్ వాళ్లకి నచ్చే విషయం ఒకటుంది. 1800 నంబర్ వెనకాల అసలు ఫోన్ ఉండదు. అది ఒక పేరు మాత్రమే. బ్రౌజర్‌లో వెబ్‌సైట్ పేరు కొడితే డీఎన్ఎస్ దాని ఐపీ అడ్రస్ వెతికి ఇస్తుంది కదా, ఇదీ అలాంటిదే. మనం 1800 నొక్కగానే టెలికాం ఎక్స్‌ఛేంజ్ దాన్ని గుర్తుపట్టి, ఒక డేటాబేస్‌ని అడుగుతుంది: ఈ నంబర్ అసలు ఎక్కడికెళ్లాలి? డేటాబేస్ అసలు నంబర్ ఇస్తుంది. పగలైతే హైదరాబాద్ కాల్ సెంటర్, రాత్రయితే ఇంకో ఊరు, ఇలా టైమ్‌ని బట్టి కూడా మార్చి ఇవ్వగలదు. దాంతోపాటే బిల్లు ఎవరి ఖాతాలో రాయాలో కూడా చెప్తుంది. ఈ ఏర్పాటుని ఇంటెలిజెంట్ నెట్‌వర్క్ అంటారు.

మరి ప్రీపెయిడ్ సంగతేంటి? పోస్ట్‌పెయిడ్‌లో కాల్ అయ్యాక నెలాఖరున లెక్క వేస్తారు. ప్రీపెయిడ్‌లో అలా కుదరదు, డబ్బు ముందే ఉంది కాబట్టి లెక్క కూడా ముందే చూడాలి. మనం కాల్ బటన్ నొక్కిన క్షణంలోనే నెట్‌వర్క్ ఛార్జింగ్ సర్వర్‌ని అడుగుతుంది: ఈ సిమ్ నుంచి ఈ నంబర్‌కి కాల్ వదలమంటావా? సర్వర్ దగ్గర ఒక రేట్ల పట్టిక ఉంటుంది. నొక్కిన నంబర్ ఏ అంకెలతో మొదలైందో చూసి రేటు తీస్తుంది. 1800 అయితే రేటు సున్నా. సున్నాని ఎన్ని నిమిషాలతో గుణించినా సున్నానే. కాబట్టి కాల్ సెంటర్ వాళ్లు పాట వేసి మనల్ని అరగంట నిలబెట్టినా మన బ్యాలెన్స్‌లో పైసా తగ్గదు. తగ్గేది మన ఓపిక, ఫోన్ బ్యాటరీ.

108, 112 లాంటి పొట్టి నంబర్లు ఇంకో రకం. ఇవి ప్రజల అవసరం కోసం కేటాయించిన కోడ్‌లు. వీటికీ మన దగ్గర ఛార్జ్ ఉండదు. ఇక్కడ ఒక విషయం చెప్పకుండా ఉండలేను. ఇవాళ చాలా రాష్ట్రాల్లో తిరిగే 108 బండి మొదలైంది మన హైదరాబాద్‌లోనే, 2005 ఆగస్టు 15న. ఆ నంబర్ పుట్టిన నేల మీదే ఉండి మా అమ్మమ్మ దానికి ఫోన్ చేయలేదు.

ఆ భయం ఎక్కడిది?

పెద్దవాళ్లకి తెలీదు అని తేల్చేయడం తేలిక. కానీ ఆలోచిస్తే అమ్మమ్మ భయం ఒకప్పటి నిజమే. మన దేశంలో మొబైల్ సర్వీస్ 1995లో మొదలైంది. 2003 దాకా వచ్చే కాల్‌కి కూడా డబ్బులు పడేవి. ఎవరో మనకి ఫోన్ చేస్తే మన డబ్బు పోయేది! ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు నిమిషానికి ఇంత, సెకనుకి ఇంత అని లెక్కపెట్టి మాట్లాడారు. మిస్డ్ కాల్ అనే గొప్ప ఐడియా అలాగే పుట్టింది. ఒక రింగ్ ఇస్తే బస్సెక్కాను అని, రెండు రింగులిస్తే ఇంటికొచ్చాను అని. పైసా ఖర్చు లేకుండా కబురు పంపడం. ఒకరకంగా అది మనవాళ్లు సొంతంగా తయారుచేసుకున్న టోల్ ఫ్రీ.

పైగా ఫ్రీలా కనిపించి ఫ్రీ కానివి ఇప్పటికీ ఉన్నాయి. అవి కూడా తెలుసుకోవాలి.

1860తో మొదలయ్యేవి టోల్ ఫ్రీ కావు. చూడ్డానికి 1800కి తమ్ముడిలా ఉంటుంది, చాలా పెద్ద కంపెనీల కార్డుల వెనక కూడా ఉంటుంది. కానీ దీనికి మామూలు కాల్ ఛార్జ్ మనమే కట్టాలి. 

5తో మొదలయ్యే ఐదంకెల నంబర్లు, అంటే టీవీ పోటీలు, జాతకాలు, కాలర్ ట్యూన్లు లాంటి వాటివి, మామూలు కాల్ కంటే ఎక్కువ ఛార్జ్ చేస్తాయి.

సొంత మొబైల్ కంపెనీకి చేసే కాల్‌లో కూడా తేడా ఉంది. కంప్లయింట్ కోసం 198, అది ఫ్రీ. సమాచారం కోసం వాడే 121లో మనిషితో మాట్లాడితే కొన్ని కంపెనీలు పైసల్లో ఛార్జ్ వేస్తాయి. 

ఇక సెర్చ్‌లో దొరికే నకిలీ కస్టమర్ కేర్ నంబర్లు. పక్కన టోల్ ఫ్రీ అని రాసి ఉంటుంది, నంబర్ మాత్రం 9తోనో 7తోనో మొదలయ్యే మామూలు పది అంకెల మొబైల్. అది టోల్ ఫ్రీ కాదు, చాలాసార్లు కస్టమర్ కేరే కాదు. బ్యాంక్ నంబర్ కావాలంటే కార్డు వెనకాలో పాస్‌బుక్ మీదో చూడండి.

దేశం దాటితే లెక్క మళ్లీ మారుతుంది. మా కజిన్ ఒకడు డాలస్‌లో ఎంఎస్ చేస్తున్నాడు. అక్కడ నిమిషాల లెక్కన కొనే ప్రీపెయిడ్ ప్లాన్ ఉంటే, 800 నంబర్‌కి చేసినా ఆ నిమిషాలు ఖర్చవుతాయి. కాల్ ఫ్రీ, నిమిషాలు కాదు. బ్రిటన్‌లో అయితే 0800 నంబర్లకి ల్యాండ్‌లైన్ నుంచి ఫ్రీ ఉన్నా మొబైల్ నుంచి డబ్బులు తీసుకునేవాళ్లు. 2015 జూలై 1 నుంచి అక్కడి నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ మొబైల్‌కి కూడా ఫ్రీ చేసింది. దీన్నిబట్టి నాకు అర్థమైంది ఒక్కటే. ఫ్రీ అనేది టెక్నాలజీలో పుట్టదు. ఎవరో కూర్చుని ఈ రేటు సున్నా అని రాస్తేనే సున్నా. రాయకపోతే లేదు.

రెండో డౌట్: పైసా లేని ఫోన్ నుంచి పోతుందా?

ఇది అసలు ప్రశ్న. ఇక్కడ మనందరం రెండు విషయాలు కలిపేస్తాం. బ్యాలెన్స్ వేరు, వాలిడిటీ వేరు.

వాలిడిటీ ఉండి బ్యాలెన్స్ సున్నా అయితే 1800కి ఏ ఇబ్బందీ లేదు. రేటు సున్నా కాబట్టి సున్నా బ్యాలెన్స్ సరిపోతుంది. కానీ వాలిడిటీ అయిపోతే కథ వేరు. ప్రోగ్రామ్‌లో రెండు ఇఫ్ కండిషన్లు ఉన్నాయనుకోండి. మొదటిది, ఈ సిమ్‌కి అవుట్‌గోయింగ్ ఉందా? రెండోది, ఈ కాల్ రేటెంత? మొదటి కండిషన్ దగ్గరే కాదు అని వస్తే, రెండో లైన్ దాకా ప్రోగ్రామ్ వెళ్లదు. రేటు సున్నా అని పట్టికలో రాసి ఉన్నా దాన్ని చదివేవాళ్లు లేరు.

నా దగ్గర ఒక రెండో సిమ్ ఉంది, ప్యాక్ అయిపోయి మూడు వారాలైంది. దాంతో ట్రై చేశాను. మా బ్యాంక్ 1800 నంబర్ కొడితే రీఛార్జ్ చేయమన్న రికార్డింగే వచ్చింది. 198 మాత్రం పోయింది. అంటే అమ్మమ్మ అన్న "నీకే పోని ఫోన్ వాళ్లకెట్టా పోద్ది" అనే మాట, కనీసం ఆ సిమ్‌లో, బ్యాంక్ నంబర్ విషయంలో నిజమే!

కానీ ఎమర్జెన్సీ నంబర్ సంగతి వేరు. 2015లో ట్రాయ్ దేశమంతటికీ ఒకే ఎమర్జెన్సీ నంబర్‌గా 112ని సిఫార్సు చేసినప్పుడే ఒక మాట చెప్పింది. అవుట్‌గోయింగ్ ఆపేసిన, తాత్కాలికంగా నిలిపేసిన సిమ్ నుంచి కూడా ఈ కాల్ వెళ్లాలని. 2018 నవంబర్‌లో హిమాచల్ ప్రదేశ్‌తో 112 మొదలైంది, ఇప్పుడు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. పోలీస్, ఫైర్, అంబులెన్స్ మూడింటికీ అదే నంబర్. నేను 112ని టెస్ట్ చేయలేదు, మీరూ చేయొద్దు. మనం సరదాగా పట్టుకున్న లైన్ ఆ నిమిషంలో ఇంకొకరి ప్రాణానికి కావాల్సింది కావచ్చు.

ఆ రాత్రి మా అమ్మమ్మకి తెలియాల్సింది ఇదే. రికార్డింగ్ ఒక నంబర్‌కి వచ్చింది కాబట్టి ఫోన్ చచ్చిపోయిందని అర్థం కాదు. అమ్మకి పోకపోయినా 112 నొక్కాలి. దానికి పోకపోతే 108 నొక్కాలి. నొక్కి చూడ్డానికి పైసా ఖర్చు లేదు.

ఇంకో సదుపాయం కూడా ఉంది. ప్యానిక్ బటన్ నిబంధన వచ్చాక తయారైన కీప్యాడ్ ఫోన్లలో 5 గానీ 9 గానీ నొక్కి పట్టుకుంటే ఎమర్జెన్సీ కాల్ వెళ్తుంది. స్మార్ట్‌ఫోన్‌లో పవర్ బటన్ గబగబా మూడుసార్లు నొక్కాలి. కళ్లజోడు దొరకనప్పుడు, చేతులు వణుకుతున్నప్పుడు మూడంకెలు వెతుక్కోవడం కంటే ఇది నయం.

28 రోజుల లెక్క

నా తప్పు గురించి కూడా చెప్పాలి. మర్చిపోయింది నేనే, అందులో వేరే మాట లేదు. కానీ లెక్క చూడండి. 28 రోజుల ప్యాక్ అంటే ఏడాదికి 12 కాదు, 13 రీఛార్జ్‌లు. నెల తేదీతో కలవదు, ప్రతిసారీ రెండు మూడు రోజులు వెనక్కి జరుగుతుంది. పెన్షన్ ఒకటో తారీఖు, కరెంట్ బిల్లు ఫలానా తారీఖు అని గుర్తుపెట్టుకునే మనిషికి ఇది పట్టుకోవడం కష్టం. దీనిమీద 2022 జనవరిలో ట్రాయ్ ఒక ఆదేశం ఇచ్చింది. ప్రతి కంపెనీ కనీసం ఒక 30 రోజుల ప్లాన్, కనీసం ఒక ప్రతి నెలా అదే తేదీకి రెన్యూ అయ్యే ప్లాన్ పెట్టాలని. 2024 డిసెంబర్‌లో ఇంకోటి. ఇంటర్నెట్ అక్కర్లేనివాళ్ల కోసం కాల్స్, మెసేజ్‌లు మాత్రమే ఉండే ప్యాక్ ఇవ్వాలని, అలాంటి వోచర్ల వాలిడిటీ 365 రోజుల దాకా ఉండొచ్చని.

నేను రెండేళ్లు అమ్మమ్మ కీప్యాడ్ ఫోన్‌కి రోజుకి ఇన్ని జీబీ డేటా ఉన్న ప్యాక్ వేశాను. ఆవిడ ఒక్క ఎంబీ కూడా వాడలేదు! ఇప్పుడు డేటా లేని పెద్ద ప్యాక్ వేశాను. అయిపోయే తేదీ వాళ్లింటి క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో రాసి గుండ్రం చుట్టాను. నా ఫోన్లోనూ వారం ముందే రిమైండర్ పెట్టుకున్నాను. సిమ్ విషయంలో కూడా ఒకటి తెలుసుకోండి. 90 రోజులు అసలు వాడకపోతే కంపెనీ ఆ నంబర్‌ని తీసేయొచ్చు. బ్యాలెన్స్‌లో 20 రూపాయలుంటే అది కోసుకుని ఇంకో 30 రోజులు ఉంచుతారు.

గుర్తుంచుకోవాల్సిన నంబర్లు

112 అన్ని ఎమర్జెన్సీలకీ. 108 అంబులెన్స్. 181 మహిళలకి. 1098 పిల్లలకి. 14567 పెద్దవాళ్లకి, దాన్ని ఎల్డర్‌లైన్ అంటారు, మాట్లాడే మనిషి లేక ఒంటరిగా ఉన్నా చేయొచ్చు. 1800 180 1551 కిసాన్ కాల్ సెంటర్, 2004 నుంచి ఉంది. 1930 సైబర్ మోసాలకి. అకౌంట్‌లో డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే దీనికి చేయాలి, ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి పోతూ ఉంటుంది. ఇంకొకటి మనకోసం. 14416, టెలి మానస్. బ్యాక్‌లాగ్‌లో, ప్లేస్‌మెంట్లో, ఇంకేదో, మనసు బాగోలేనప్పుడు రూమ్‌మేట్‌కి కూడా చెప్పలేని రాత్రులుంటాయి కదా. దీనికి కూడా డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

అన్‌లిమిటెడ్ కాల్స్‌తో పెరిగిన మనకి "టోల్ ఫ్రీకి డబ్బులు పడతాయా" అనేది నవ్వొచ్చే ప్రశ్న. నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ పైసా పైసా లెక్కపెట్టి ఫోన్ చేసినవాళ్లకి అది నవ్వులాట కాదు. ఫ్రీ అని రాసి పెట్టడం ఒక పని. అది ఫ్రీ అని, రికార్డింగ్ వచ్చినా నొక్కొచ్చని, అవసరమైనవాళ్లకి ముందే చెప్పడం ఇంకో పని. మొదటిది ప్రభుత్వాలు, కంపెనీలు చేశాయి. రెండోది మన ఇళ్లలో మనమే చేయాలి.

ఈ సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అమ్మమ్మని పక్కన కూర్చోబెట్టుకుని ఇదంతా చెప్పాను. డీఎన్ఎస్, ఛార్జింగ్ సర్వర్, ఇఫ్ కండిషన్, అన్నీ. ఓపిగ్గా విన్నది. చివర్లో అంది, "అయితే డబ్బుల్లేకపోయినా నూటపన్నెండు కొట్టొచ్చు. అంతే గదా? దీనికింత చెప్పాలా?"

అంతే అమ్మమ్మా. అదొక్కటీ ముందే చెప్పి ఉండాల్సింది.

మీరు ఇవాళ ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఆ ఒక్క ముక్కా చెప్పండి. వాళ్ల ప్యాక్ ఎప్పుడు అయిపోతుందో కూడా ఒకసారి అడగండి.